అమెరికాలో వ్యాపార అప్పుకి యూసీసీ ఫైలింగ్: పేరు తప్పకుండా, గడువు దాటకుండా (తరచుగా అడిగే ప్రశ్నలు)

గ్యాస్ స్టేషనో, ఇండియన్ గ్రోసరీయో, రెస్టారెంటో అమ్మి ధరలో కొంత వాయిదాల మీద తీసుకుంటున్నవాళ్ళు, బంధువుల వ్యాపారానికి సామాను హామీగా అప్పిచ్చినవాళ్ళు, చిన్న ఫైనాన్స్ కంపెనీల్లో ఈ కాగితాలు చూసే ఉద్యోగులు: ఈ పేజీ ముఖ్యంగా వీళ్ళకోసం. అప్పు తీసుకున్నవాళ్ళకీ పనికొచ్చేవి చివర్లో కొన్ని ఉన్నాయి. యూసీసీ అంటే యూనిఫాం కమర్షియల్ కోడ్ అనే వ్యాపార చట్టం, యూసీసీ-1 దాని కింద హామీ హక్కుని నమోదు చేసే ఫారం. ఈ చట్టం అన్ని రాష్ట్రాల్లోనూ దాదాపు ఒకటే అయినా చిన్నచిన్న తేడాలు ఉంటాయి. పెద్ద మొత్తమైతే మీ రాష్ట్రం లాయరుకి ఒకసారి చూపించండి.

యూసీసీ-1 వేస్తే అప్పు పత్రం రాసుకున్నట్టేనా?

కాదు. అప్పు పత్రం వేరు, వ్యాపారం ఆస్తుల్ని హామీగా పెడుతూ రాసుకునే సెక్యూరిటీ అగ్రిమెంట్ వేరు, యూసీసీ-1 వేరు. మొదటి రెండూ మీకూ అప్పు తీసుకున్నవాళ్ళకీ మధ్య నడిచేవి. మూడోది లోకానికి ఇచ్చే నోటీసు: ‘ఈ కంపెనీ సామాను మీద నాకు హక్కు ఉంది, తర్వాత వచ్చేవాళ్ళు చూసుకోండి’ అని.

యూసీసీ-1 లేకపోయినా అప్పు అప్పే, హామీ హామీయే. కాని అవతలివాళ్ళు దివాలా తీస్తే కోర్టు నియమించే ట్రస్టీ మీ హక్కుని పక్కకి నెట్టేస్తాడు. మీరు తర్వాతెప్పుడో ఫైల్ చేద్దామని ఊరుకున్నప్పుడు ఇంకో బ్యాంకు ముందు ఫైల్ చేస్తే, మీ అగ్రిమెంట్ తేదీ ముందుదైనా వరసలో బ్యాంకే ముందుంటుంది. అందుకే సంతకాలయ్యేదాకా ఆగనక్కర్లేదు. అప్పు తీసుకునేవాళ్ళు రాతపూర్వకంగా అనుమతిస్తే ముందే ఫైల్ చేసుకోవచ్చు. ఫారం మీద వాళ్ళ సంతకం అక్కర్లేదు, సెక్యూరిటీ అగ్రిమెంట్ మీద పెట్టే సంతకమే ఫైలింగ్‌కి అనుమతి. అనుమతి లేకుండా వేసిన ఫైలింగ్ మాత్రం చెల్లదు.

షాపు టెక్సస్‌లో ఉంది. ఫైలింగూ టెక్సస్‌లోనేనా?

షాపు ఎక్కడుందో కాదు, అప్పు తీసుకున్నది ఎవరో చూడాలి. ఎల్‌ఎల్‌సీ, కార్పొరేషన్ లాంటివైతే అవి ఏ రాష్ట్రంలో ఏర్పడ్డాయో అక్కడ ఫైల్ చేయాలి. డాలస్‌లో షాపు నడుపుతున్న ఎల్‌ఎల్‌సీ డెలవేర్‌లో పుట్టి ఉంటే ఫైలింగ్ డెలవేర్‌లో. టెక్సస్‌లో వ్యాపారం చేసుకోడానికి అది రిజిస్టర్ చేసుకున్నంతమాత్రాన అక్కడి కంపెనీ అయిపోదు. మనిషి సొంత పేరున అప్పు తీసుకుంటే, అతని ముఖ్య నివాసం ఉన్న రాష్ట్రంలో.

చాలా రాష్ట్రాల్లో ఇది సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు పని. జార్జియాలో అలా కాదు. అక్కడ ఏ కౌంటీ సుపీరియర్ కోర్టు క్లర్కు దగ్గరైనా ఫైల్ చేస్తే రాష్ట్రం మొత్తానికి ఉన్న ఒకే సూచికలోకి వెళ్తుంది. అట్లాంటా చుట్టుపక్కల మనవాళ్ళు ఎక్కువ కాబట్టి ఈ సంగతి గుర్తుంచుకోండి. లూయిజియానాలో ప్యారిష్ (అక్కడ కౌంటీకి పేరు) కోర్టు క్లర్కు దగ్గర.

కంపెనీ పేరు ఎలా రాయాలి? బోర్డు మీద ఉన్న పేరు రాస్తే చాలదా?

చాలదు. బోర్డు మీద పేరు, డీబీఏ పేరు (వ్యాపారానికి వాడుకునే మరో పేరు), బిజినెస్ కార్డు మీద పేరు ఏవీ లెక్కలోకి రావు. కంపెనీ పుట్టినప్పుడు రాష్ట్రానికి ఇచ్చిన పత్రంలో, తర్వాత సవరణలుంటే వాటిలో, పేరు ఎలా ఉందో అక్షరం అక్షరం అలాగే రాయాలి. సెక్రటరీ ఆఫ్ స్టేట్ వెబ్‌సైట్‌లో కనిపించే పేరుని నమ్మి ఆగిపోకండి. అందులో చుక్కలు, కామాలు ఎగిరిపోయి ఉండొచ్చు. అసలు పత్రం కాపీ తెప్పించుకుని, చూసి టైపు చేయడం కాకుండా కాపీ చేసి అతికించండి.

పొట్టి చేసి రాస్తే ఏమవుతుందో ఫ్లోరిడా చూపించింది. కంపెనీ పేరు ‘1944 బీచ్ బూలెవార్డ్, ఎల్‌ఎల్‌సీ’. అప్పిచ్చిన బ్యాంకు ‘బూలెవార్డ్’ అన్న మాటని పొట్టి చేసి, బీ ఎల్ వీ డీ అని రాసి ఫైల్ చేసింది. అప్పటి ఫ్లోరిడా వెతుకులాట పద్ధతిలో తెరపై వరసగా పేర్ల జాబితా వచ్చేది, ముందుకీ వెనక్కీ తిప్పుకుంటూ చూసే వీలుండేది. కాస్త తిప్పితే కనిపిస్తుంది కదా అన్నది బ్యాంకు వాదన. ఫ్లోరిడా సుప్రీంకోర్టు 2022 ఆగస్టులో ఒప్పుకోలేదు. అక్కడి పద్ధతి చట్టం అనుకునే ప్రామాణిక వెతుకులాటే కాదు కాబట్టి, చిన్న తప్పుల్ని క్షమించే వెసులుబాటు ఫ్లోరిడాలో వర్తించదని తేల్చింది. ఐదు ఇంగ్లీషు అక్షరాల పొదుపు ఖరీదు అది.

మిగతా రాష్ట్రాల్లో పరీక్ష ఒకటే. సరైన పేరు కొట్టి ఆ ఆఫీసు పద్ధతిలో వెతికితే తప్పు పేరున్న మీ ఫైలింగ్ బయటపడిందా? బయటపడితే బతికినట్టే. లేకపోతే ఫైల్ చేయనట్టే. ఎల్‌ఎల్‌సీ, ఇన్‌కార్పొరేటెడ్ లాంటి తోకల్ని, చుక్కల్ని చాలా ఆఫీసులు పట్టించుకోవు. స్పెల్లింగుని మాత్రం పట్టించుకుంటాయి.

మనిషి పేరున అప్పు. తెలుగు పేరు ఎలా రాయాలి?

అసలు చిక్కంతా ఇక్కడే. యూసీసీ సూచిక పేరు మీద నడిచేది. మన పేర్లకేమో ఇక్కడ ఒక్కో కాగితంలో ఒక్కో రూపం. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, మరోచోట ఒక్క పొడి అక్షరం. శ్రీనివాసరావు పాస్‌పోర్టులో ఒకే ముక్క, బ్యాంకు ఖాతాలో రెండు ముక్కలు. ‘శ్రీ’కి ఒకరు ఐ రాస్తే ఇంకొకరు రెండు ఈలు రాస్తారు.

2013 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన సవరణలతో చాలా రాష్ట్రాలు దీన్ని ఒక కొలిక్కి తెచ్చాయి. అప్పు తీసుకున్న మనిషికి తను నివసించే రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని డ్రైవింగ్ లైసెన్సు ఉంటే, దాని మీద ఉన్న పేరే పేరు. పాస్‌పోర్టు కాదు, పన్ను కాగితం కాదు, ఊళ్ళో పిలిచే పేరు అసలే కాదు. లైసెన్సు మీద 1 అని అంకె ఉన్న వరసలోది ఇంటిపేరు, 2 అని ఉన్న వరసలోవి మిగతా పేర్లు. ఫారంలో ఇంటిపేరు గడిలోకి 1వ వరసలోది వెళ్ళాలి. వేంకటేశ్వరరావుగారి అసలు ఇంటిపేరు మీకు బాగా తెలిసినా సరే, లైసెన్సు ‘రావు’ని ఇంటిపేరుగా చూపిస్తే ఫారంలోనూ ‘రావు’ అనే రాయాలి.

పాస్‌పోర్టులో ఒక గడి ఖాళీగా ఉండి వచ్చినవాళ్ళకి వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, అదే లైసెన్సులోకీ ఎక్కుతుంది. చూడ్డానికి వింతగా ఉన్నా లైసెన్సులో ఉన్నట్టే ఫైల్ చేయండి. దాంతోపాటు రెండో పేరుగా అసలు పేరుని కూడా అదే ఫారంలో అదనపు రుణగ్రస్తుడి గడిలో చేర్చండి. పొడవాటి పేరు లైసెన్సులో చివర తెగిపోయినా ఇదే ఉపాయం. అదనపు పేర్లు చేర్చడం వల్ల ఫైలింగ్ చెడదు. ఉన్న ఒక్క పేరూ తప్పైతే మాత్రం చెడుతుంది.

ఇంకో మెలిక: హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్ళ లైసెన్సు గడువు సాధారణంగా వాళ్ళ స్టేటస్ గడువుతో ముడిపడి ఉంటుంది. అందుకే తరచూ తీరిపోతూ, కొత్తది వస్తూ ఉంటుంది. ఫైల్ చేసే రోజున లైసెన్సు గడువులో ఉందో లేదో చూడండి. తీరిపోయి ఉంటే లైసెన్సు నియమం వర్తించదు, మనిషి అసలు పేరు లేదా ఇంటిపేరూ మొదటి పేరూ అన్న సూత్రానికి వెళ్ళాలి. అప్పుడు రూపాలన్నీ చేర్చడమే క్షేమం.

అతనికి సిటిజన్‌షిప్ వచ్చింది, పేరు కాస్త సరిచేసుకున్నాడు. మా ఫైలింగ్ ఏమవుతుంది?

ప్రమాణం రోజున పేరు కుదించుకోవడం, ఇంటిపేరు సరిచేసుకోవడం మనవాళ్ళలో మామూలే. కొత్త పేరు లైసెన్సు మీదకి ఎక్కాక, ఆ పేరుతో వెతికితే మీ పాత ఫైలింగ్ కనబడకపోతే, మార్పు నుంచి 4 నెలల లెక్క మొదలవుతుంది. అప్పటికే ఉన్న సామాను మీద, ఆ 4 నెలల్లో వచ్చిన సామాను మీద మీ హక్కు అలాగే ఉంటుంది. ఆ తర్వాత కొన్న సరుకు మీద ఉండదు. రోజూ సరుకు మారిపోయే గ్రోసరీ షాపుకి ఇదెంత నష్టమో చెప్పక్కర్లేదు. 4 నెలల్లోగా యూసీసీ-3తో (ఉన్న ఫైలింగ్‌ని మార్చడానికి వాడే ఫారం) పేరు మార్పు ఫైల్ చేయాలి. కంపెనీ పేరు మార్చుకున్నా ఇదే.

రాష్ట్రమే మారితే ఇంకా గట్టి దెబ్బ. అప్పు తీసుకున్న మనిషి న్యూజెర్సీ నుంచి టెక్సస్‌కి కాపురం మారిస్తే 4 నెలల్లోగా టెక్సస్‌లో కొత్తగా యూసీసీ-1 వేయాలి. వేయకపోతే ఉన్న సామాను మీద రక్షణ కూడా పోతుంది. అందుకే అప్పు ఒప్పందంలో ‘పేరుగానీ చిరునామాగానీ మారితే ముందే చెప్పాలి’ అన్న షరతు పెట్టుకోండి. ఏడాదికోసారి లైసెన్సు కాపీ అడగండి. బంధువుల్ని అడగడం మొహమాటమే, కాని అప్పిచ్చినప్పుడే ఒప్పందంలో రాసుకుంటే తర్వాత అడగడం తేలిక.

హామీ సామాను గురించి ఎంత వివరంగా రాయాలి?

యూసీసీ-1లో ‘అన్ని ఆస్తులు’ అని రాస్తే చెల్లుతుంది. సెక్యూరిటీ అగ్రిమెంట్‌లో చెల్లదు, అక్కడ సరుకు, పరికరాలు, రావలసిన బాకీలు అంటూ రకాలవారీగా చెప్పాలి. రెండిట్లోనూ ఒకే వాక్యం అతికించేవాళ్ళు ఈ తేడాలో పడిపోతారు.

‘ఫలానా వీధిలోని షాపులో ఉన్న సామాను’ అని చిరునామాతో కట్టేయడం మరో పొరపాటు. రేపు రెండో షాపు పెడితే, ఉన్న షాపు పక్క ప్లాజాకి మారితే, మీ మాటలే మిమ్మల్ని కట్టేస్తాయి.

యూసీసీ-1 సరిపోని ఆస్తులు ఏవి?

కార్లు, ట్రక్కులు: టైటిల్ మీద లీన్ (మీ హామీ హక్కు) రాయించుకోవాలి. హామీగా పెట్టిన బ్యాంకు ఖాతా: బ్యాంకుతో కంట్రోల్ ఒప్పందం కావాలి. భవనానికి బిగించేసినవి, వంటగది పొగగొట్టం వ్యవస్థ లాంటివి: ఆ భూమి రికార్డులుండే కౌంటీలో ఫిక్స్చర్ ఫైలింగ్. తందూరీ పొయ్యి, ఫ్రీజర్లు అప్పు మీద అమ్మేవాళ్ళు కొన్నవాళ్ళ చేతికి సామాను అందిన 20 రోజుల్లోగా ఫైల్ చేస్తే ముందున్న బ్యాంకుని దాటి ఆ సామాను మీద మొదటి స్థానం దక్కుతుంది. అమ్మకానికి పెట్టే సరుకు విషయంలో ఆ 20 రోజుల వెసులుబాటు లేదు. సరుకు అందకముందే ఫైల్ చేసి, ముందున్న రుణదాతలకి నోటీసు పంపి ఉండాలి.

5 ఏళ్ళు ఎలా లెక్కపెట్టాలి?

యూసీసీ-1 ఫైలింగ్ 5 ఏళ్ళే బతుకుతుంది. దాన్ని పొడిగించే ఫైలింగే కంటిన్యుయేషన్. మన ఊళ్ళో ప్రోనోటు మూడేళ్ళు దాటకుండా తిరగరాయించుకోవడమో, చెల్లు వేయించుకోవడమో తెలియని ఆసామి ఉండడు. ఇక్కడా ఆ జాగ్రత్తే కావాలి, కాని ఒక తేడా ఉంది. ప్రోనోటుని గడువులోపు ఎప్పుడైనా తిరగరాసుకోవచ్చు. యూసీసీ కంటిన్యుయేషన్‌ని గడువుకి ముందు ఉండే 6 నెలల్లోనే వేయాలి.

2021 జూన్ 14న ఫైల్ చేశారనుకోండి. అది 2026 జూన్ 14న లాప్స్ అవుతుంది, అంటే చెల్లకుండా పోతుంది. కంటిన్యుయేషన్ కిటికీ 2025 డిసెంబరు 14న తెరుచుకుంటుంది. కిటికీ తెరిచిన మొదటి నెలలో వేయడం మంచిదని నా అభిప్రాయం. చివరి వారందాకా ఆగితే, ఫారం తిప్పి పంపినప్పుడు మళ్ళీ వేసే వ్యవధి ఉండదు.

రెండో విడత లెక్కలో ఎక్కువమంది తప్పుతారు. 2025 డిసెంబరు 20న కంటిన్యుయేషన్ వేస్తే, కొత్త 5 ఏళ్ళు ఆ రోజు నుంచి కాదు, పాత గడువు తేదీ నుంచి. అంటే 2031 జూన్ 14 వరకు. కంటిన్యుయేషన్ తేదీ నుంచి లెక్కేసుకుని ‘2030 డిసెంబరులో తీరిపోతుంది’ అనుకున్నవాళ్ళు 2030 వేసవిలోనే మళ్ళీ వేస్తారు. అది కిటికీ తెరవకముందు వేసినట్టు. పని ముందే అయిపోయిందని ఫైలు మూసేస్తారు, ఫైలింగ్ చచ్చిపోతుంది. అందుకే క్యాలెండర్‌లో మొదటి యూసీసీ-1 తేదీనే శాశ్వతంగా పెట్టుకోండి.

ముందే వేసిన కంటిన్యుయేషన్‌ని ఆఫీసు తీసుకుంది, రసీదు కూడా ఇచ్చింది. సరిపోదా?

సరిపోదు. కిటికీకి బయట వచ్చినదాన్ని ఆఫీసు తిప్పి పంపాలి. పొరపాటున తీసుకున్నా అది చెల్లదు. కిటికీలో మళ్ళీ వేయండి.

మధ్యలో సవరణ ఫైల్ చేశాం. గడువు పెరగలేదా?

పెరగదు. చిరునామా మార్చినా, సామాను చేర్చినా, అప్పుని ఇంకొకరికి బదిలీ చేసినా గడువు అంగుళం కూడా జరగదు. యూసీసీ-3లో కంటిన్యుయేషన్ గడిలో టిక్కు పెట్టినదే కంటిన్యుయేషన్.

ఆ ఫారంలో రాయాల్సింది మొదటి యూసీసీ-1 నంబరు. ఐదేళ్ళ క్రితం వేసిన కంటిన్యుయేషన్ నంబరో, మధ్యలో వేసిన సవరణ నంబరో ఎక్కిస్తే ముడి తెగుతుంది. రికార్డులో రుణదాతగా ఎవరి పేరుందో వాళ్ళ పేరుతోనే వేయాలి. అప్పు మీరు కొనుక్కున్నా బదిలీ రికార్డు చేయించకపోతే, పాత రుణదాతని వెతికి అనుమతి అడగాల్సొస్తుంది.

గడువు దాటిపోయింది. ఇప్పుడేం చేయాలి?

కంటిన్యుయేషన్ ఇక పనికిరాదు, చచ్చినదాన్ని అది బతికించదు. అదే రోజు కొత్త యూసీసీ-1 వేయండి. సెక్యూరిటీ అగ్రిమెంట్ బతికే ఉంటుంది కాబట్టి మళ్ళీ సంతకాలు అక్కర్లేదు. కాని మీ స్థానం కొత్త తేదీ నుంచే. ఇన్నాళ్ళూ మీ వెనకున్న రెండో బ్యాంకు ముందుకొచ్చేస్తుంది. దాని దృష్టిలో మీ హక్కు ఎన్నడూ నమోదు కానట్టే. పైగా కొత్త ఫైలింగ్ తర్వాత 90 రోజుల్లో అప్పు తీసుకున్నవాళ్ళు దివాలాకి వెళ్తే, ట్రస్టీ దాన్ని రద్దు చేయించే అవకాశం ఉంది.

వాళ్ళు ఇప్పటికే దివాలా కోర్టులో ఉన్నారు. అన్నీ ఆగిపోయాయి కదా, కంటిన్యుయేషన్ వేయొచ్చా?

వేయొచ్చు, వేసి తీరాలి. దివాలా చట్టం వసూళ్ళని ఆపుతుంది, ఉన్న ఫైలింగ్‌ని కొనసాగించడాన్ని ఆపదు. పాత చట్టంలో దివాలా నడుస్తున్నంతకాలం గడువు ఆగేది. చాలా రాష్ట్రాల్లో 2001 జూలై 1న కొత్త ఆర్టికల్ 9 (యూసీసీలో హామీ అప్పుల భాగం) వచ్చాక ఆ సౌకర్యం పోయింది. ఇప్పటికీ పాత మాట పట్టుకుని చెప్పేవాళ్ళున్నారు.

ఒక అప్పు తీరింది, ఇంకోటి ఉంది. టెర్మినేషన్ (ఫైలింగ్‌ని మూసేసే కాగితం) వేసేటప్పుడు ఏం చూడాలి?

నంబరు చూడాలి. 2008లో జనరల్ మోటార్స్ సుమారు 300 మిలియన్ డాలర్ల ఒక లీజు అప్పు తీర్చింది. దానికి సంబంధించిన ఫైలింగులు మూసేయడానికి మూడు టెర్మినేషన్లు తయారుచేశారు. అందులో ఒకటి దానికి సంబంధమే లేని, సుమారు 1.5 బిలియన్ డాలర్ల మరో అప్పుది. రెండు వైపులా లాయర్లు చూశారు, రుణదాతల తరఫు బ్యాంకు జేపీ మోర్గాన్ చూసింది, ఎవరికీ పట్టలేదు. 2009లో కంపెనీ దివాలాకి వెళ్ళాక బయటపడింది. ‘మా ఉద్దేశం అది కాదు’ అని జేపీ మోర్గాన్ వాదించింది. 2015 జనవరిలో అప్పీలు కోర్టు, ఆ కాగితం ఫైల్ చేయడానికి మీరు అనుమతిచ్చారు, అది చాలు, ఉద్దేశంతో పని లేదంది.

కాబట్టి టెర్మినేషన్ వేసే ముందు ఆ నంబరున్న యూసీసీ-1 కాపీ తీసి, అది ఏ అప్పుదో కళ్ళతో చూడండి.

మాకు కోవిడ్ కాలంలో తీసుకున్న ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ సంస్థ) ఈఐడీఎల్ (విపత్తు సాయం) అప్పు ఉంది. 5 ఏళ్ళు దాటాయి. లీన్ పోయినట్టేనా?

25,000 డాలర్లు దాటిన ఈఐడీఎల్ అప్పులకి ఎస్‌బీఏ వ్యాపార ఆస్తుల మీద హామీ తీసుకుంది. 2020లో వేసిన ఫైలింగుల గడువు 2025లో వచ్చింది. మీ రాష్ట్రం రికార్డులో కంపెనీ పేరు కొట్టి, కంటిన్యుయేషన్ ఉందో లేదో చూసుకోండి. లేకపోయినా సంబరపడకండి. పోయేది మిగతా రుణదాతల మధ్య ఎస్‌బీఏ వరసే. 30 ఏళ్ళ అప్పు, మీరు సంతకం పెట్టిన హామీ ఎక్కడికీ పోవు.

వ్యాపారం కొంటున్నాం. పాతవాళ్ళ అప్పులు మాకెందుకు?

అప్పు మీది కాదు, కాని దాని హామీ మీరు కొన్న ఫ్రీజర్ల మీదే ఉంటుంది. రుణదాత ఒప్పుకోకుండా ఆస్తులు అమ్మేస్తే లీన్ వాటి వెంటే వస్తుంది. అమ్మేవాళ్ళ కంపెనీ ఇప్పటి పేరు మీదా, పాత పేర్ల మీదా, అది పుట్టిన రాష్ట్రంలో సెర్చ్ చేయించండి. క్లోజింగ్ రోజున రుణదాత నుంచి బాకీ మొత్తం చెప్పే పేఆఫ్ లెటర్ తీసుకోండి. డబ్బు అందగానే టెర్మినేషన్ వేసుకోడానికి మీకు అనుమతిస్తున్నట్టు అందులోనే రాయించండి.

అప్పు తీర్చి ఏడాదైంది, రికార్డులో ఇంకా కనిపిస్తోంది. ఏం చేయాలి?

వ్యాపార అప్పులో మీరు అడిగేదాకా టెర్మినేషన్ వేయాల్సిన బాధ్యత వాళ్ళకి లేదు. సంతకంతో రాతపూర్వకంగా అడగండి, అందినట్టు రుజువు ఉంచుకోండి. 20 రోజుల్లో వేయాలి లేదా మీకు పంపాలి. చేయకపోతే మీరే వేసుకోవచ్చు, అప్పు తీసుకున్నవాళ్ళ అనుమతితో వేస్తున్నట్టు ఫారంలో చెప్పాలి. వాళ్ళ నిర్లక్ష్యానికి నష్టపరిహారంతోపాటు 500 డాలర్లు అడిగే హక్కు చట్టంలో ఉంది. ఇళ్ళల్లో వాడుకునే సామాను మీద అప్పైతే అడగకపోయినా, తీరిన నెలలోగా వాళ్ళే వేయాలి.

‘మీ యూసీసీ కాపీ కోసం రుసుము కట్టండి’ అని ఉత్తరం వచ్చింది. కట్టాలా?

యూసీసీ-1 రికార్డు అందరికీ కనిపించేదే. అందులోంచి పేర్లు ఏరుకుని, ప్రభుత్వ ఉత్తరంలా కనబడే కాగితాలు పంపే ప్రైవేటు కంపెనీలున్నాయి. కింద చిన్న అక్షరాల్లో ‘ఇది ప్రభుత్వ సంస్థ కాదు’ అని ఉంటుంది. కాపీ కావాలంటే రాష్ట్రం ఆఫీసు వెబ్‌సైట్ నుంచే తీసుకోండి. అలాగే, ఫైలింగ్‌లో సోషల్ సెక్యూరిటీ నంబరు ఎక్కడా రాయకండి, జత చేసే అగ్రిమెంట్ కాపీలో కూడా.

ఇండియాలో కంపెనీ ఛార్జ్ (ఆస్తుల మీద హామీ హక్కు) రిజిస్టర్ చేశాం. అక్కడా 5 ఏళ్ళకి కొనసాగించాలా?

లేదు. అక్కడ కంపెనీల చట్టం 77వ సెక్షన్ ప్రకారం ఛార్జ్ సృష్టించిన 30 రోజుల్లో రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయాలి. ఆలస్యమైతే అదనపు రుసుముతో కొంత వ్యవధి ఉంటుంది. ఒకసారి నమోదైతే అప్పు తీరినట్టు సీహెచ్‌జీ-4 ఫారం వేసేదాకా అలాగే ఉంటుంది. హైదరాబాద్‌లో అకౌంట్స్ చూసి ఇక్కడికొచ్చి అదే పనిలో చేరినవాళ్ళకి 5 ఏళ్ళ గడువు తట్టకపోవడానికి ఈ అలవాటే కారణం కావచ్చు.

అన్నీ సరిగ్గా వేశాం, ఆమోదం వచ్చింది. ఇంకేమైనా చూడాలా?

వారం పది రోజులాగి, అప్పు తీసుకున్నవాళ్ళ సరైన పేరుతో మీరే ఒకసారి సెర్చ్ చేయండి. మీ ఫైలింగ్ కనిపించాలి, మీకన్నా ముందు ఎవరూ ఉండకూడదు. ఆ సెర్చ్ కాపీని, ఆఫీసు తేదీ ముద్ర వేసి ఇచ్చిన కాపీని, లైసెన్సు లేదా కంపెనీ పత్రం కాపీని ఒకే ఫైలులో పెట్టండి. గడువు తేదీని ఇద్దరి క్యాలెండర్లలో రాయండి. రాష్ట్రం ఆఫీసు గుర్తు చేస్తుందని ఆశపడకండి, అది వాళ్ళ బాధ్యత కాదు.